పొద్దున్నే మొరాయించే కంప్యూటర్: మదర్‌బోర్డు మార్చే ముందు చూడాల్సినవి

మీరు అడిగింది ముందు నా మాటల్లో చెప్తాను. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. మొగల్తూరు దగ్గర ఊరు, సముద్రం దగ్గరే, చుట్టూ రొయ్యల చెరువులు. విడిభాగాలు కొని మీరే ఇంట్లో బిగించుకున్న కంప్యూటర్: రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, బీ550 మదర్‌బోర్డు, ఎనిమిదేసి జీబీల డీడీఆర్4 ర్యామ్‌లు రెండు, ఒక ఎస్ఎస్‌డీ. గ్రాఫిక్స్ కార్డు లేదు. ఖర్చు కలిసొస్తుందని ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావాల్సిన వోల్టేజీలకు మార్చే డబ్బా), క్యాబినెట్ మాత్రం మీ బాబాయి గారి పాత కంప్యూటర్‌వి వాడారు. వేసవిలో బిగించారు, అప్పుడంతా బాగానే ఉంది. కార్తీకం వచ్చాక మొదలైంది తంటా. పొద్దున్నే బటన్ నొక్కితే ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. ఒక్కోసారి ఫ్యాన్లు తిరుగుతాయి గానీ డిస్‌ప్లే రాదు. నాలుగైదుసార్లు నొక్కి, ప్లగ్గు తీసి పెట్టి, ర్యామ్ ఊడదీసి మళ్ళీ పెడితే ఎప్పటికో వస్తుంది. వచ్చిందంటే మాత్రం రాత్రి దాకా ఏ పేచీ లేకుండా నడుస్తుంది. షాపుకు తీసుకెళ్తే అక్కడ మొదటి నొక్కుకే ఆన్ అయింది. అయినా "మదర్‌బోర్డు పోతోంది, మార్చేయండి" అన్నారు. మార్చాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడే మార్చకండి. మీరు చెప్పిన లక్షణాల్లో మదర్‌బోర్డు మీద నేరం మోపడానికి సరిపడా సాక్ష్యం లేదు. భీమవరంలో చాలా ఏళ్ళుగా కంప్యూటర్లు బిగించడం, బాగుచేయడం నా పని. ఒకసారి వచ్చి ఒకసారి రాని ఫాల్టు దగ్గర నేను పట్టుకుని ఉండే నియమం ఒకటే: ఆ ఫాల్టును మనకు కావాల్సినప్పుడు రప్పించడం తెలిసేదాకా ఏ పార్టూ మార్చకూడదు. రప్పించడం తెలిస్తే కారణం సగం దొరికినట్టే. పైగా బాగుచేశాక అది నిజంగా పోయిందో లేదో అదే పద్ధతిలో చూసుకోవచ్చు. అది తెలియకుండా పార్టు మార్చామనుకోండి, ఆ రోజు ఎలాగూ ఆన్ అయ్యే రోజైతే కొత్త పార్టు వల్లే బాగైందని సంబరపడతాం. వారం తిరక్కుండా మళ్ళీ మొదటికొస్తుంది.

ర్యామ్ ఊడదీసి పెడితే వచ్చిందన్నారు చూడండి, అక్కడా ఇదే చిక్కు. ఆ పది నిమిషాల్లో జరిగింది ర్యామ్ కదలడం ఒక్కటే కాదు. ప్లగ్గు తీశారు, మళ్ళీ పెట్టారు. అంతకుముందు నాలుగైదుసార్లు నొక్కినందుకు ఎస్ఎంపీఎస్ కాస్త వేడెక్కింది. ఎండ పైకొచ్చింది. వీటిలో ఏది పనిచేసిందో ఎలా చెప్పగలం? అందుకే ఇకనుంచి ఒకసారికి ఒక్కటే మార్చండి, మిగతావి ఉన్నవి ఉన్నట్టు వదిలేయండి. టెన్షన్‌లో అన్నీ ఒకేసారి పీకేయాలనిపిస్తుంది, అది సహజమే. కానీ మనకు ఉన్న ఒకే ఒక్క ఆధారం అలా పీకినప్పుడే పోతుంది.

మీ వివరాల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది "పొద్దున్నే" అన్న మాట. పొద్దున్న రాదు, మధ్యాహ్నం వస్తుంది, షాపులో వస్తుంది. వేసవిలో లేదు, చలి మొదలయ్యాక వచ్చింది. మన డెల్టాలో, అందులోనూ సముద్రం వైపు ఊళ్ళలో, పొద్దున్నకూ మధ్యాహ్నానికీ మధ్య మారేవి నాలుగున్నాయి: చలి, రాత్రి తీసేసిన గోడ స్విచ్, గాలిలో తేమ, వోల్టేజి. ఆ నాలుగూ కంప్యూటర్‌ను ఆపగలవు.

నా అనుమానం ఎక్కువగా ఎస్ఎంపీఎస్ కెపాసిటర్ల (కరెంటును కాసేపు నిలవ ఉంచే భాగాల) మీద ఉంది, కాబట్టి వాటి సంగతి కాస్త వివరంగా చెప్తాను. ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల లోపల ఒక ద్రవం ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ, వేడికి, అది కొద్దికొద్దిగా ఆరిపోతుంది. అప్పుడు వాటి నిలవ సత్తువ తగ్గి, లోపలి నిరోధం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ నిరోధం ఇంకా ఎక్కువ. అందుకే పాతబడిన ఎస్ఎంపీఎస్ తెల్లారి మొదటిసారి లేవడానికి మొరాయించి, కాస్త వేడెక్కాక మామూలుగా పనిచేస్తుంది. మన చలి పెద్ద చలేం కాదు. కానీ నడిచేటప్పుడు 40 డిగ్రీలు దాటే డబ్బా పుష్యమాసం పొద్దున 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. పాడైన కెపాసిటర్‌కు ఆ తేడా చాలు.

ఇంకో సంగతి ఉంది. కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా, గోడ మీద స్విచ్ వేసి ఉన్నంతసేపూ ఎస్ఎంపీఎస్‌లో ఒక చిన్న సర్క్యూట్ నడుస్తూనే ఉంటుంది. స్టాండ్‌బై 5 వోల్టులు ఇచ్చేది అదే. బటన్ నొక్కినప్పుడు బోర్డు ఆ నొక్కును గుర్తుపట్టేది ఈ కరెంటుతోనే. రోజుకు ఇరవై నాలుగు గంటలూ పనిచేసేది కాబట్టి చాలా పాత యూనిట్లలో ముందుగా నీరసించేది కూడా ఇదే. మన ఇళ్ళలో రాత్రి పడుకునే ముందు బోర్డు మీద స్విచ్ తీసేయడం అలవాటు. అలా తీస్తే తెల్లారేసరికి ఎస్ఎంపీఎస్ పూర్తిగా ఖాళీ అయి, చల్లబడి ఉంటుంది. పొద్దున్నే సున్నా నుంచి లేవాలి.

ఇదే రాత్రి స్విచ్ ఇంకో అనుమానితుణ్ణి కూడా బయటపెడుతుంది: మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత ఉండే సీఆర్2032 సెల్లు. కరెంటు ఉన్నంతసేపు టైము, సెట్టింగుల సంగతి ఎస్ఎంపీఎస్ స్టాండ్‌బై చూసుకుంటుంది. స్విచ్ తీశాక ఆ భారం సెల్లు మీద పడుతుంది. సెల్లు నీరసిస్తే పొద్దున్నకల్లా టైము ఎగిరిపోతుంది, చాలా బోర్డుల్లో సెట్టింగులూ మొదటికొస్తాయి. అప్పుడు బోర్డు ర్యామ్‌ను మళ్ళీ కొత్తగా పరీక్షించుకుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఆ సమయంలో ఫ్యాన్లు తిరుగుతాయి, తెర నల్లగా ఉంటుంది, ఒకటి రెండుసార్లు దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతుంది. చూసేవాళ్ళు పాడైందనుకుని మధ్యలోనే బటన్ నొక్కిపట్టి ఆపేస్తారు, అది మళ్ళీ మొదట్నుంచి చేసుకోవాల్సి వస్తుంది. డీడీఆర్4 కాబట్టి మీకు ఒకటి రెండు నిమిషాలు ఓపిక పడితే చాలు. డీడీఆర్5 బోర్డులైతే మొదటిసారి ఇంకా చాలాసేపు తీసుకుంటాయి.

మూడో సంగతి మన గాలి. తీరం వైపు ఇళ్ళలో దుమ్ములో ఉప్పు ఉంటుంది. గాలిలో తేమ నూటికి 75 దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తడిగా మారుతుంది. మీ వైపు రాత్రి, తెల్లవారుజామున తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. మదర్‌బోర్డు మీద, ర్యామ్ స్లాట్లలో పేరుకున్న ఉప్పు దుమ్ము పొద్దున్నే కరెంటు పారే పొరగా మారి, తొమ్మిది పది గంటలకు ఎండి మళ్ళీ మామూలు దుమ్ము అయిపోతుంది. మనం విప్పి చూసేసరికి ఏమీ కనిపించదు. మీ గదిలో ఏసీ ఉంటే ఇంకో జాగ్రత్త: వానాకాలంలో మన దగ్గర 25 డిగ్రీల దగ్గరే గాలి చెమ్మ వదిలే రోజులుంటాయి. రాత్రంతా 22లో చల్లబడిన ఇనుప క్యాబినెట్ ఉన్న గదిలో పొద్దున్నే కిటికీలు తీస్తే, ఆ ఇనుము మీదా లోపలి హీట్‌సింకు మీదా సన్నగా నీరు పడుతుంది. అలాంటప్పుడు గది గాలికి కంప్యూటర్ సర్దుకునేదాకా ఒక గంట ఆగి ఆన్ చేయాలి.

నాలుగోది వోల్టేజి. చెరువుల్లో ఆక్సిజన్ బాగా తగ్గేది తెల్లవారుజామునే కాబట్టి ఏరేటర్లు గట్టిగా తిరిగేదీ అప్పుడే. ఒకే లైను మీద మీ ఇల్లూ చెరువులూ ఉంటే పొద్దున అయిదింటికి మీ ప్లగ్గులో వచ్చే వోల్టేజి, మధ్యాహ్నం వచ్చే వోల్టేజి ఒకటి కావు. మీ ఎస్ఎంపీఎస్ స్టిక్కర్ మీద ఇన్‌పుట్ అని రాసి ఉన్న చోట చూడండి. 100 నుంచి 240 అని ఉంటే వోల్టేజి 180కి పడ్డా దానికి లెక్కలేదు, ఈ కారణాన్ని దాదాపు కొట్టేయొచ్చు. 220 నుంచి 240 అని గానీ, వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ గానీ ఉంటే లో వోల్టేజికి అది తట్టుకోలేకపోవచ్చు. ఆ ఎర్ర స్విచ్‌ను మాత్రం కదపకండి, మన దగ్గర అది 230 మీదే ఉండాలి. 115 వైపు జరిపి ప్లగ్గు పెడితే అక్కడికక్కడే పేలిపోతుంది.

ఇప్పుడు షాపులో ఎందుకు బాగా పనిచేసిందో చూడండి. మధ్యాహ్నం వేళ, ఎండలో బండి మీద వెళ్ళిన వెచ్చటి డబ్బా, పొడి గాలి, టౌను వోల్టేజి. పొద్దున్నే అడ్డం పడే చలి, తేమ, లో వోల్టేజి మూడూ అక్కడ లేవు.

ఈ నాలుగింటినీ విడదీయడానికి రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది. ఒక నోటుబుక్కు పేజీ తీసుకోండి. ఒక రాత్రి షట్‌డౌన్ చేసి గోడ స్విచ్ కూడా తీసేయండి. తర్వాతి రాత్రి షట్‌డౌన్ చేసి స్విచ్ అలాగే వదిలేయండి. ఇలా మార్చి మార్చి ఓ వారం, పది రోజులు చేయండి. ఉరుములు మెరుపులు ఉన్న రాత్రి మాత్రం స్విచ్ తీసేయండి, ఆ రోజు లెక్కలోకి రాదు. ప్రతి పొద్దున్నా ఒకే టైముకు ఒక్కసారే నొక్కండి. నొక్కాక రెండు నిమిషాలు ముట్టుకోకండి. ఏమైందో రాయండి. స్విచ్ వేసి ఉంచిన రోజుల్లో బుద్ధిగా వచ్చి, తీసిన రోజుల్లోనే మొరాయిస్తే ఎస్ఎంపీఎస్, లేదా సెల్లు. ఆ రెండిట్లో ఏదో తేల్చడానికి, స్విచ్ తీసిన రాత్రి తర్వాత ఆన్ అవ్వగానే నేరుగా బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందే బోర్డు చూపించే సెట్టింగుల తెరలోకి) వెళ్ళి టైము చూడండి. విండోస్‌లో చూస్తే లాభం లేదు, అది నెట్ నుంచి టైము సరిచేసేసుకుంటుంది. బయోస్‌లో తేదీ తప్పుంటే సెల్లు మార్చండి, అయిపోతుంది. కొత్త సెల్లు మల్టీమీటర్‌లో 3 వోల్టులు, ఆపైన చూపిస్తుంది. 2.7కు దిగితే ఇంకా వాడొద్దు. తేదీ సరిగ్గానే ఉంటే వేలు ఎస్ఎంపీఎస్ వైపే చూపిస్తుంది. రెండు రకాల రోజుల్లోనూ ఒకేలా మొరాయిస్తే తేమ, వోల్టేజి కూడా చూడాలి.

రాసేటప్పుడు "ఆన్ అవలేదు" అని మాత్రం రాయకండి. అందులో మూడు వేరువేరు సంగతులు కలిసిపోతాయి. అసలు ఏ లైటూ వెలగలేదా? ఫ్యాను అర సెకను కదిలి ఆగిపోయిందా? ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నా తెర నల్లగా ఉందా? మొదటిది ప్లగ్గు, ఎస్ఎంపీఎస్, పవర్ బటన్ వైపు తీసుకెళ్తుంది. రెండోది ఎక్కడో షార్ట్ ఉందని, ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోందని చెప్తుంది. మూడోది ర్యామ్ కావచ్చు, ఎస్ఎంపీఎస్ కూడా కావచ్చు. క్యాబినెట్ పక్క రేకు తీసేసి, బటన్ నొక్కే ముందే ఫోన్‌ను బోర్డు వైపు పెట్టి వీడియో తీయండి. మీరు పంపిన ఫోటోలో ర్యామ్ పక్కన సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న లైట్లు కనిపిస్తున్నాయి. ఆన్ అయ్యేటప్పుడు బోర్డు ఒక్కోటీ పరీక్షించుకుంటూ వెళ్తుంది. ఏ లైటు దగ్గర ఆగిపోయి వెలుగుతూ ఉండిపోయిందో అదే ఆధారం. కంటికి అందని క్షణం కూడా వీడియోలో ఆపి చూసుకోవచ్చు.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగుందనే మాట చాలామంది అంటారు, అది తప్పు. ఫ్యానుకు 12 వోల్టులు సుమారుగా అందితే చాలు, తిరిగేస్తుంది. ప్రాసెసర్ అలా కాదు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే లావుపాటి 24 పిన్నుల జాకెట్‌లో (బోర్డుకు గుచ్చే ప్లగ్గులో) ఒక బూడిదరంగు తీగ ఉంటుంది. వోల్టేజీలన్నీ నిలకడగా వచ్చాయని ఎస్ఎంపీఎస్ చెప్పేది దాని ద్వారానే. గార్డు పచ్చజెండా ఊపేదాకా రైలు కదలనట్టు, ఆ తీగ మీద 5 వోల్టులు వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను రీసెట్‌లోనే ఉంచుతుంది. ఆ జెండా రాకపోతే ఫ్యాన్లు గంటసేపు తిరిగినా తెర మీద అక్షరం పడదు. మీకు కనిపిస్తున్నది ఇదే కావచ్చు.

దీన్ని మీరే చూడొచ్చు. కొద్ది వందల్లో దొరికే మల్టీమీటర్ చాలు. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబు ఆ జాకెట్ వెనక ఏదైనా నల్ల తీగ సందులోకి, ఎర్ర ప్రోబు చూడాల్సిన తీగ సందులోకి దించండి. రెండు ప్రోబుల మొనలూ ఒకదానికొకటి తగలకూడదు, చేతికి ఉంగరం, గొలుసు ఉండకూడదు. ముందు ఊదారంగు తీగ: గోడ స్విచ్ వేసి, కంప్యూటర్ ఇంకా ఆన్ చేయకముందే 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. పొద్దున్నే 4.5 చూపించి, మధ్యాహ్నం 5 చూపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. తర్వాత ఆకుపచ్చ తీగ: బటన్ నొక్కగానే సున్నా దగ్గరకు పడాలి. పడలేదంటే బటన్ నుంచి గానీ బోర్డు నుంచి గానీ కబురే వెళ్ళలేదు. పడినా పసుపు తీగలో 12 వోల్టులు రాలేదంటే కబురు అంది కూడా ఎస్ఎంపీఎస్ లేవలేదు, లేదా ఎక్కడో షార్ట్ చూసి వెనక్కి తగ్గింది. చివరగా బూడిదరంగు తీగ: అర సెకనులోపు 5 వోల్టులకు రావాలి. పసుపు తీగలో 11.4 నుంచి 12.6 దాకా, ఎరుపులో 4.75 నుంచి 5.25 దాకా ఉంటే సరైనట్టే. ఈ కొలతలన్నీ మొరాయించే పొద్దున్నే తీయాలి. బాగా నడిచేటప్పుడు కొలిస్తే అన్నీ బాగానే ఉంటాయి.

మీటరు లేకపోతే ఇంకో పని చేయొచ్చు. మొరాయించిన పొద్దున, తల ఆరబెట్టుకునే డ్రయ్యర్‌ను తక్కువ వేడి మీద పెట్టి, ఎస్ఎంపీఎస్ జాలీలోంచి రెండు మూడు నిమిషాలు వెచ్చటి గాలి పంపండి. మిగతా దేన్నీ కదపకండి. వెంటనే మొదటి నొక్కుకే ఆన్ అయితే, మర్నాడూ అలాగే జరిగితే, కెపాసిటర్లే. వేడి గాలి బోర్డు మీదకు పోకుండా చూడండి, లేకపోతే తేమ ఆరి ఆన్ అయిందో, కెపాసిటర్ వేడెక్కి ఆన్ అయిందో తెలియదు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నాను, ఎస్ఎంపీఎస్ డబ్బా విప్పకండి. లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా డీసీ నిలవ ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కాసేపు. అది ప్రాణం తీసేంత. చూడాలనుకుంటే జాలీలోంచి టార్చి వేసి చూడండి. తలలు ఉబ్బిన కెపాసిటర్లు, వాటి చుట్టూ గోధుమరంగు జిగురులాంటి మరక కనిపిస్తే సందేహం తీరినట్టే. ఏమీ కనిపించకపోయినా బాగున్నట్టు కాదు, ఉబ్బకుండా ఎండిపోయేవీ ఉంటాయి.

మీ ఫ్రెండ్స్‌లో ఎవరి దగ్గరైనా బాగా నడుస్తున్న ఎస్ఎంపీఎస్ ఉంటే నాలుగు రోజులు అడిగి పెట్టి చూడటం ఇంకా మంచి పరీక్ష. అయితే వైర్లు ఊడదీసి పెట్టే రకం అయితే దాని వైర్లతో సహా తెచ్చుకోండి. ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది. మీ పాత వైర్లు అందులో దూరాయి కదా అని బిగిస్తే బోర్డు, ఎస్ఎస్‌డీ కాలిపోతాయి. బోర్డు పైమూల ప్రాసెసర్ దగ్గర ఉండే 8 పిన్నుల సాకెట్‌లో జాకెట్ టిక్కుమని లాక్ అయ్యేదాకా నొక్కాలి. మీ పాత ఎస్ఎంపీఎస్‌కు అక్కడ 4 పిన్నులే ఉన్నా 5600జీకి నడుస్తుంది, కానీ ఆ యూనిట్ ఎంత పాతదో ఆ నాలుగు పిన్నులే చెప్తున్నాయి.

ఎస్ఎంపీఎస్ బాగున్నట్టు తేలి, వీడియోలో డీర్యామ్ లైటు దగ్గరే ఆగుతుంటే ర్యామ్ వైపు రండి. మీ రెండు ర్యామ్‌లూ ఒకే ప్యాక్‌లోవా, విడివిడిగా కొన్నవా మీరు చెప్పలేదు. రెండింటి మీదా 3200 అని ఉన్నా, ఒకటి 1.2 వోల్టులకే ఆ స్పీడు ఇచ్చేదీ ఇంకొకటి ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను దాని మీద రాసిన పూర్తి స్పీడుకు నడిపే బయోస్ సెట్టింగు) పెట్టి 1.35 ఇస్తేనే ఇచ్చేదీ అయితే జత కుదరక ట్రైనింగ్ ఒక రోజు పాసై ఒక రోజు ఫెయిలవుతుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆపేసి వారం చూడండి. తేడా వస్తే ర్యామ్ స్పీడు దగ్గరే ఉంది గొడవ. బయోస్ అప్‌డేట్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది, కానీ ఆన్ అవడమే నమ్మకం లేని కంప్యూటర్‌లో, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వేళ అప్‌డేట్ పెట్టకండి. మధ్యలో ఆగితే బోర్డు నిజంగానే పోవచ్చు. ఎక్స్‌ఎంపీ ఆపినా తేడా లేకపోతే ఒక్క ర్యామ్ మాత్రమే, ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో పెట్టి కొన్ని పొద్దులు చూడండి, తర్వాత రెండోదాన్ని అదే స్లాట్‌లో.

ర్యామ్ తీసినప్పుడే స్లాట్‌లోకి టార్చి వేయండి. మన వైపు ఇది ఊరికే చెప్పడం లేదు. నరసాపురం దగ్గర్నుంచి నా దగ్గరకు వచ్చిన ఒక కంప్యూటర్‌లో స్లాట్ సందులో చిన్న నల్ల చీమలు గుడ్లు పెట్టాయి. బంగారు పూత పళ్ళ మధ్య తెల్లగా, బియ్యపు నూకలా కనిపించాయి. లాప్‌టాప్‌లూ, స్విచ్ బోర్డులూ, కంప్యూటర్లూ, వెచ్చగా ఉండే చోటల్లా అవి చేరతాయి. మెత్తటి బ్రష్‌తో దులిపి, దాన్నే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడవండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి, అవి అక్కడే ఉండిపోతాయి. పెన్సిల్ రబ్బరుతో ర్యామ్ పళ్ళు రుద్దడం మన షాపుల్లో అందరూ చేసే పనే. మెత్తటి తెల్ల రబ్బరుతో మెల్లగా ఒకసారి రుద్దితే పరవాలేదు, తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి. ప్రతి వారం రుద్దితే పూత పోయి లోపలి లోహం బయటపడుతుంది, మన ఉప్పు గాలికి అది ఇంకా త్వరగా చెడిపోతుంది. ఉప్పు దుమ్ము అనుమానం ఉంటే బోర్డు మొత్తానికీ ఇదే బ్రష్, ఇదే ఆల్కహాల్. బ్లోయర్ ఒక్కటే సరిపోదు, అంటుకున్న ఉప్పు గాలికి లేవదు. తుడిచాక పూర్తిగా ఆరేదాకా ప్లగ్గు పెట్టొద్దు.

పాత క్యాబినెట్ అన్నారు కాబట్టి రెండు చిన్న సంగతులు. దాని పవర్ బటన్ తుప్పుపట్టి ఉండొచ్చు. ముందు ప్యానెల్ నుంచి బోర్డుకు వచ్చే సన్న వైర్లలో పవర్ స్విచ్‌ది తీసేసి, ఆ రెండు పిన్నుల మీద రీసెట్ స్విచ్ వైరు పెట్టండి. ఇక రీసెట్ బటనే పవర్ బటన్. అప్పుడు ఉలుకూ పలుకూ లేని పొద్దులు ఆగిపోతే బటన్ మార్చుకుంటే చాలు. రెండోది, బోర్డు కింద ఇత్తడి స్టాండ్‌లు. పాత బోర్డుకు తగ్గట్టు బిగించినవి అలాగే ఉంచి కొత్త బోర్డు పెడితే, రంధ్రం లేని చోట ఒక స్టాండ్ బోర్డు అడుగున తగులుతుంది. ఫ్యాను అర సెకను కదిలి ఆగడానికి ఇది ఒక కారణం. బోర్డు బయటకు తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టి, ఒక్క ర్యామ్‌తో నడిపి చూస్తే తెలిసిపోతుంది. వెండిరంగు యాంటీస్టాటిక్ కవరు మీద మాత్రం పెట్టి ఆన్ చేయకండి, దాని పైపొర మీద కరెంటు పారుతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందా? మీరు చెప్పలేదు గానీ మీ వైపు ఇళ్ళలో చాలాచోట్ల ఉంటుంది. ఎర్త్ అందకపోతే ఎస్ఎంపీఎస్ ఫిల్టర్‌లోంచి క్యాబినెట్ మీదకు 110 వోల్టుల చుట్టుపక్కల కరెంటు వస్తుంది. మీ ఫాల్టుకు ఇది నేరుగా కారణం కాకపోవచ్చు, కానీ హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టులు దీనివల్ల కాలిపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్తుకూ మధ్య కొలిపించండి, ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య ఎంతుందో అంత చూపించాలి. ఉప్పునేలలో పాతిన జీఐ పైపు కొన్నేళ్ళకే తుప్పుపట్టి తీగ ఊడిపోతుంది. పైన మట్టి కప్పి ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు.

ఎస్ఎంపీఎస్సే అని తేలితే రిపేరు చేయించకండి, కొత్తది కొనండి. 5600జీ 65 వాట్ల ప్రాసెసర్, మీకు 450 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ (కరెంటు వృథా తక్కువని ఇచ్చే గుర్తింపు) యూనిట్ బోలెడు. తర్వాత గ్రాఫిక్స్ కార్డు పెట్టే ఆలోచన ఉంటే 550 లేదా 650 తీసుకోండి. మన వోల్టేజీలకు ఇన్‌పుట్ 100 నుంచి 240 దాకా ఉన్నదే చూసుకోండి. ఇంట్లో ఇన్వర్టర్ మీద నడుపుతారనుకుంటే అది యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపే కంప్యూటర్ ఆగిపోతుంది.

కొత్త ఎస్ఎంపీఎస్, కొత్త సెల్లు, శుభ్రమైన స్లాట్లు, ఒక్క ర్యామ్, అయినా అట్టపెట్టె మీద కూడా పొద్దున్నే మొరాయిస్తే అప్పుడు ప్రాసెసర్, బోర్డు మిగులుతాయి. ప్రాసెసర్ పిన్నులు చూడటానికి కూలర్ తీసేటప్పుడు జాగ్రత్త: ఏఎం4లో (మీ బోర్డు మీది సాకెట్ రకం) పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, కూలర్ కింద రాసి ఎండిన పేస్టుకు అంటుకుని కూలర్‌తో పాటు సాకెట్‌లోంచి ఊడొచ్చి వంగిపోతాయి. కాసేపు నడిపి వెచ్చబడ్డాక ఆపి, ప్లగ్గు తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులైనాకే పైకి ఎత్తండి. పిన్నులన్నీ నిటారుగా ఉంటే బోర్డును వారంటీకి పంపండి. బిగించి ఏడాది కూడా కాలేదు, బిల్లు వెతికి పెట్టుకోండి. పొద్దున తీసిన వీడియోలు, ఆ నోటుబుక్కు పేజీ కూడా దాంతో పాటు ఇవ్వండి. మధ్యాహ్నం వాళ్ళ టేబుల్ మీద మొదటి నొక్కుకే ఆన్ అయితే చూపించడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు.